పదకొండో నంబరు పేరు

శుక్రవారం ఖతార్ టైము ఉదయం ఆరున్నరకు, ఇండియాలో తొమ్మిదికి, ఎమ్మెల్యే హైదరాబాద్‌లో పార్టీ మారాడు. పది నిమిషాల తర్వాత ఉమ్ సలాల్‌లోని ఒక మజ్రాలో, అంటే అరబ్బు తోటలో, పనిచేసే మల్లన్న, అదే ఎమ్మెల్యేకు పుట్టినరోజు శుభాకాంక్షలు చెబుతూ, పార్టీలు మారేవాళ్లను తిడుతూ ఒక వీడియో పంపాడు. దాని నిడివి నిమిషం పద్నాలుగు సెకన్లు.

మల్లన్నకు వార్త తెలియదు. ఆ మజ్రాలో ఖర్జూరం చెట్లు, మేకల దొడ్డి, ఒక గది ఉన్నాయి. నీళ్ల ట్యాంకు పక్కన తప్ప ఫోన్‌కు సిగ్నల్ అందదు. ఐదింటికి మేకలకు గడ్డి వేశాడు. ఆరింటికి మోటారు ఆన్ చేశాడు. తర్వాత పార్టీ ఊదా రంగు కండువా మెడలో వేసుకుని ట్యాంకు దగ్గరికి వచ్చి వీడియో తీశాడు, నియోజకవర్గం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు, ఫోన్ జేబులో వేసుకుని దొడ్డిలోకి వెళ్లిపోయాడు.

అందులోని మాటలు అతను రాసుకున్నవి కావు. సురేందర్ రాసి పంపాడు. సురేందర్ దోహాలో సైట్ ఫోర్‌మన్. నియోజకవర్గం నుంచి ఖతార్ వచ్చినవాళ్ల సంఘానికి పెద్ద. పక్క నియోజకవర్గాల ఎమ్మెల్యేలు ఇద్దరు పోయిన నెల పార్టీ మారారు కాబట్టి వాళ్లను కూడా ఒక మాట అనాలని అతనే చేర్చాడు. మల్లన్న అదంతా బట్టీ పట్టి, చివర సొంతంగా రెండు ముక్కలు కలిపాడు.

"పార్టీ మారినోన్ని ఊర్లెకు రానియ్యద్దు. వచ్చినా మంచినీళ్లు ఇయ్యద్దు."

గ్రూపులో ఎనిమిది వందల మంది ఉన్నారు.

ఏడూ ఇరవైకి మల్లన్న మళ్లీ ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి సురేందర్ నుంచి ఫోన్ వచ్చింది.

"కండువా ఏడున్నదే?"

"మెడల ఉన్నది."

"తియ్. గ్రూపులకెల్లి వీడియో గూడ తీసెయ్."

మల్లన్న గ్రూపులోంచి వీడియో తీసేశాడు. అప్పటికే అది గ్రూపు దాటి పోయింది. ఊళ్లో ఎవరో రెండు వీడియోలను పక్కపక్కన అతికించారు. ఎడమవైపు ఎమ్మెల్యే ఆకాశనీలం కండువా కప్పించుకుంటున్నాడు. కుడివైపు మల్లన్న మంచినీళ్లు ఇవ్వొద్దంటున్నాడు. మధ్యాహ్నానికి మండలంలో చాలామంది ఫోన్లలో అదే స్టేటస్. కింద ఒకరు, సార్‌కు ఓటేసిన వేలితో ఇప్పుడు ఏం చేయాలని అడిగారు. ఇంకొకరు, దుబాయ్‌లో మేకలు కాసేటాయనకు తెలిసింది అసెంబ్లీలో ఎవరికీ తెలవదా అని రాశారు. ఊళ్లోవాళ్లకు ఖతారైనా దుబాయే.

మల్లన్న మాత్రం జాబితా గురించే ఆలోచించాడు.

పోయిన ఏడాది వానల్లో ఊళ్లో అతని ఇంటి గోడ కూలింది. భార్య గంగామణి అదే జాగాలో రేకులు వేసుకుని ఉంటోంది. ప్రభుత్వం ఇచ్చే ఇళ్ల కోసం ఈసారి ఊరికి పందొమ్మిది పేర్లతో ముసాయిదా జాబితా వచ్చింది. గంగామణిది పదకొండో పేరు. మంగళవారం గ్రామసభలో చదువుతారు, బుధవారం పంచాయతీ ఆఫీసు గోడకు తుది జాబితా అతికిస్తారు. పేరు ఉంచేది, తీసేది ఐదుగురు సభ్యుల కమిటీ. ఆ ఐదుగురినీ వేసింది ఎమ్మెల్యే.

మూడేళ్ల కిందటి జాబితాలో కూడా ఆమె పేరు మొదట ఉంది. అప్పుడు కమిటీలో ఉన్న మారుతి, దుబాయ్ నుంచి ఒక మంచి ఫోన్ తెప్పిస్తే పేరు తాను చూసుకుంటానన్నాడు. మల్లన్న దోహాలో ఫోన్ కొని, సెలవు మీద పోతున్న ఒకతని చేతికిచ్చి పంపాడు. తుది జాబితాలో గంగామణి పేరు లేదు. రెండంతస్తుల ఇల్లు ఉన్న ఒకాయన పేరు ఉంది. మారుతి ఇప్పటికీ కమిటీలో ఉన్నాడు. ఎమ్మెల్యే ఏ పార్టీలో ఉంటే మారుతీ ఆ పార్టీలోనే ఉన్నాడు.

పదకొండున్నరకు గంగామణి ఫోన్ చేసింది. మారుతి వచ్చి పోయాడని చెప్పింది. బుధవారం లోపల మల్లన్న ఇంకో వీడియో పెట్టాలట. ఆకాశనీలం కండువా వేసుకోవాలట. ముందటి వీడియోలోని మాటలు తనవి కావని, గిట్టనివాళ్లు అతికించారని చెప్పాలట. లేకపోతే పదకొండో నంబరు సంగతి తన చేతిలో లేదన్నాడట.

మల్లన్న ట్యాంకు చుట్టూ తిరుగుతూ విన్నాడు. ఒకవైపు తిరిగితే ఆమె మాట తెగిపోతోంది. అబద్ధం ఎట్లా చెప్పాలన్నాడు.

"రెండు ముక్కలే గదా, చెప్పరాదా. పార్టీ మారినాయనకు లేని సిగ్గు నీకెందుకు?"

రేకుల మీద వాన పడితే ఆమె మాట వినపడదు. ఆ రోజు వాన లేదు. మాట స్పష్టంగా వినపడింది.

సురేందర్ దోహా రమ్మంటే, రెండింటికి మల్లన్న తోట యజమాని అర్బాబ్ దగ్గర సాయంత్రం ఆరు వరకు సెలవు అడిగి బస్సెక్కాడు, తర్వాత మెట్రో. బండిలో కూర్చోలేదు. సీటు ఖాళీ ఉన్నా తలుపు దగ్గరే నిలబడ్డాడు. ప్రతి స్టేషన్‌లో ఫోన్ తీసి చూశాడు. ముషైరిబ్‌లో దిగేసరికి సురేందర్ స్టేషన్ బయట కారుతో ఉన్నాడు. అతని ఫోన్‌లో ప్రొఫైల్ ఫోటో అప్పటికే ఆకాశనీలం.

"నువ్వెప్పుడు మారినవే?" అని మల్లన్న అడిగాడు.

"నేనేడ మారిన? సార్ ఏడుంటే మనం ఆడ."

"సార్ ఒక్కతాన ఉంటే గదా."

సురేందర్ కారు తీశాడు. కండువాల కోసం దోహా శివారులోని ముఐథర్ పోవాలన్నాడు. దోహాలో అన్నీ దొరుకుతాయి గానీ తెలంగాణ పార్టీల కండువాలు దొరకవు. సంఘానికి కావాలంటే బుర్హానుద్దీన్ కుట్టాలి. అతనిది నిర్మల్. ముఐథర్‌లో అరబ్బులు వేసుకునే పొడుగు అంగీలు, తోబ్‌లు, కుట్టే దుకాణం ఉంది. శుక్రవారం నాలుగింటికి గాని షట్టర్ తీయడు. పది నిమిషాలు కారులో ఆగారు. మల్లన్న రెండుసార్లు దిగి ఎక్కాడు.

షట్టర్ తీసి ఇద్దరినీ చూడగానే బుర్హానుద్దీన్ ఏ రంగు అని అడిగాడు. సురేందర్ ఫోన్‌లో చూపించాడు. ముప్పై కావాలి, ఆదివారానికి. అతను అరల్లో వెతికి ఒక గుడ్డ థాన్ దించాడు.

"సార్‌కు ఇది మూడో రంగు భాయ్. నాకు మాత్రం కొలత ఒక్కటే." టేపు మెడలో వేసుకుంటూ అన్నాడు. "ఈసారి రెండు దిక్కుల రెండు రంగులు కుడతా. తిప్పి ఏసుకోండ్రి. ముఐథర్ దాకా మళ్లీ మళ్లీ ఏమొస్తరు?"

ముందు ఒకటి కావాలని సురేందర్ అన్నాడు. బుర్హానుద్దీన్ గుడ్డ చించి, అంచు మడిచి, ఐదు నిమిషాల్లో కుట్టి ఇచ్చాడు. మల్లన్న దాన్ని మెడలో వేసుకుని తోబ్‌ల వరుస ముందు నిలబడ్డాడు. సురేందర్ మల్లన్న ఫోన్‌తోనే వీడియో తీశాడు.

మొదటిసారి మల్లన్న నోట పాత పార్టీ పేరే వచ్చింది. రెండోసారి, గిట్టనివాళ్లు అతికించారు అనే దగ్గర ఆగిపోయాడు. మూడోసారి మొత్తం చెప్పాడు. నలభై సెకన్లు. సురేందర్ బాగుందన్నాడు, పంపమన్నాడు.

పంపితే పేరు ఉంటదా అని మల్లన్న అడిగాడు. అది కమిటీ చూసుకుంటదని సురేందర్ అన్నాడు. మల్లన్న పంపకుండా మారుతికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. బుర్హానుద్దీన్ మిషన్ ఆపాడు.

"వీడియో తయారున్నది మారుతీ. పంపితే మా పేరు ఉంటదా?"

"ముందుగాల పంపన్నా. తర్వాత చూద్దాం."

"మూడేండ్ల కింద గూడ గిదే మాటన్నవ్. ముందుగాల ఫోన్ పంపిన. తర్వాత నువ్వేం చూసినవ్?"

"గిప్పుడు ఆ ముచ్చటెందుకే?"

"ఆ ఫోన్‌తోనే మాట్లాడుతున్నవా?"

మారుతి లైన్ కట్ చేశాడు.

బుర్హానుద్దీన్ మిషన్ వెనక నుంచే, ఆ ఫోన్ బిల్లు ఉన్నదా అని అడిగాడు. ఎందుకు అడిగాడో ఇద్దరికీ అర్థమైంది. గల్ఫ్‌లో ఫోన్ కొన్నవాడు బిల్లు పారేయడు. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లు అడుగుతారని దాచుకుంటాడు. ఆ ఫోన్‌కు మాత్రమే ఉండే పదిహేను అంకెల నంబరు డబ్బా మీద ఉంటుంది, బిల్లు మీద ఉంటుంది, ఫోన్‌లో ఉంటుంది. మల్లన్న ఫోన్‌ను వేరే మనిషి చేతికిచ్చి పంపాడు కాబట్టి బిల్లు నకలు అతనికిచ్చి, అసలుది తన దగ్గరే ఉంచుకున్నాడు.

"పెట్టెల ఉన్నది," అన్నాడు.

లొల్లి చేస్తే ఉన్న పేరు పోతుందని, తర్వాత తనను అడగొద్దని సురేందర్ చెప్పాడు. మల్లన్న కండువా తీసి మడిచి బల్ల మీద పెట్టాడు. ఫోన్‌లోంచి ఆ మూడో వీడియో తీసేశాడు. ఆరింటికి మజ్రాలో ఉండాలని, బస్సు దాకా దింపమని సురేందర్‌ను అడిగాడు. సురేందర్ దింపాడు.

గదికి వచ్చి మేకలకు నీళ్లు పెట్టి మల్లన్న పెట్టె తీశాడు. బిల్లు మీద అచ్చు వెలిసిపోయింది. అయినా దుకాణంవాడు అంటించిన నంబరు స్టిక్కర్, పెన్నుతో రాసిన మల్లన్న పేరు, అతని ఖతార్ ఐడి నంబరు ఉన్నాయి. శనివారం పొద్దున ఫోటో తీసి గంగామణికి పంపాడు.

పేరు పోతే అని ఆమె అడిగింది. ఆదివారం ఆమె ఫోన్ చేయలేదు. అతను ఆ రోజు ట్యాంకు దగ్గరికి పదిహేడుసార్లు వెళ్లాడు. మోటారు ఆపడం మర్చిపోతే నీళ్లు పొంగి దొడ్డిలోకి వచ్చాయి. అర్బాబ్ తిట్టాడు. ఆ సాయంత్రమే సురేందర్ ముఐథర్ వెళ్లి మిగతా కండువాలు తెచ్చుకున్నాడు.

సోమవారం గంగామణి ఫోన్ చేసింది. బిల్లు ఫోటోను మండలం సెంటర్‌లో జిరాక్స్ తీయించానని చెప్పింది.

"నేనే అడుగుత. నువ్వు వీడియోలు తియ్యకు."

మంగళవారం ఉదయం ఎనిమిదిన్నరకు మల్లన్న ట్యాంకు పక్కన ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడ్డాడు. ఊళ్లో పదకొండు. గంగామణి ఫోన్‌ను కొంగులో పెట్టుకుని సభలో కూర్చుంది. పంచాయతీ కార్యదర్శి అమర్నాథ్ పేర్లు చదవడం వినపడింది. పది దాకా చదివాడు. పదకొండు అనగానే, ఆ పేరు మీద అభ్యంతరం ఉందని మారుతి గొంతు వచ్చింది. పెనిమిటి దుబాయ్‌లో సంపాదిస్తున్నాడు, అర్హత లేదన్నాడు.

గంగామణి లేచింది. గుడ్డ రాపిడి వినపడింది.

"దుబాయ్ ఉన్నడని ఫోన్ అడిగినప్పుడు తెల్వదా మారుతీ? ఆ ఫోన్‌కు నంబర్ ఉంటదట. కార్యదర్శి సార్‌కు చూపియ్యి."

"ఏం నంబర్ వదినె? మల్లన్న నాకు ఇష్టంగ ఇచ్చిండు."

సభలో నవ్వులు లేచాయి. ఫోన్లు ఇష్టంగా ఇచ్చే ఊరు ఏదో చెబితే మేమూ పోతామని వెనకనుంచి ఒక ముసలామె అంది. కార్యదర్శి వద్దులే అన్నట్టు ఏదో అన్నాడు. చూపియ్యరాదా, ఫోనే గదా అని నలుగురైదుగురు అరిచారు. పోయిన జాబితాలో పేరు కోసం ఎవరికి ఏం ఇచ్చామో ఇద్దరు ఆడవాళ్లు అక్కడే చెప్పడం మొదలుపెట్టారు. ఒకరిది మేకపోతు. ఇంకొకరిది కుట్టుమిషన్.

ఏదో బల్ల మీద పడిన చప్పుడు. గీ ఫోన్ కోసం గింత లొల్లా అని మారుతి అన్నాడు. కార్యదర్శి జిరాక్స్ చూస్తూ ఒక్కో అంకె చదివాడు. ఇంకెవరో ఫోన్ చూస్తూ అదే అంకె చెప్పారు. మల్లన్న అసలు బిల్లు చేతిలో పట్టుకుని వేలితో లెక్కపెట్టాడు. పదిహేనూ కలిశాయి.

కార్యదర్శి విషయం సభ రిజిస్టరులో రాశాడు. ఫోన్‌ను కవరులో పెట్టి, అతికించి, ఆఫీసు బీరువాలో ఉంచాడు. గంగామణి అడిగితే ముట్టినట్టు రాసి ఇచ్చాడు.

బుధవారం పదకొండింటికి పంచాయతీ ఆఫీసు గోడకు తుది జాబితా అతికించారు. పందొమ్మిది పేర్లు. పదకొండో నంబరులో గంగామణి పేరు ఉంది. చివరి గడిలో మిగతా పద్దెనిమిది పేర్ల ఎదురుగా ఏమీ లేదు. ఆమె పేరు ఎదురుగా "విచారణలో" అని పెన్నుతో రాసి ఉంది.

ఆమె దాన్ని ఫోటో తీసి మల్లన్నకు పంపింది. ఇంటి పునాదికి ముగ్గు ఎప్పుడు పోస్తారని కార్యదర్శిని అడిగింది. అభ్యంతరం మీద విచారణ అయిన తర్వాత అన్నాడు. విచారణ ఎవరు చేస్తారని అడిగింది. పైనుంచి అధికారిని వేస్తారన్నాడు.

బుధవారం సాయంత్రం ఐదింటికి ఆఫీసు మూసేవరకు విచారణ అధికారిని వేయలేదు.