ఎర్రప్ప జీపు

"ఏమ్మా చౌడేశ్వరీ, ఎండకు మాడిపోయేదాకా అట్లనే నిలబడుకుంటావా? ఎక్కి కూచ్చోమ్మా!" జీపు ఓనరు పుల్లన్న గొంతు పామిడి జీపుల స్టాండంతా వినబడింది.

చౌడేశ్వరి కదల్లేదు. కాజాలు కుట్టే కొట్టులో సగం రోజు కూలి, పదిహేను రూపాయలు, వదులుకుని వచ్చింది. తీరా వచ్చాక కాళ్ళు మొండికేశాయి. ఎదురుగా జీపు కొత్త ఎర్ర రంగుతో ధగధగలాడుతోంది. బానెట్టు మీద పసుపూ కుంకుమా, బంపరుకు నిమ్మకాయల దండ. మూడు నెలల కిందట ఇదే జీపు కల్వర్టు పక్కన తలకిందులుగా పడి ఉంది. దాని కింద ఆమె మొగుడు ఎర్రప్ప ఉన్నాడు.

ఆ స్టాండులో ఒక ఆనవాయితీ ఉంది. డ్రైవరును మింగిన బండిలో జనం ఊరికే ఎక్కరు. పోయినవాడి పెళ్ళాం ముందు సీట్లో కూర్చుని మొదటి ట్రిప్పు పోయి రావాలి. అప్పుడు వాడు శాంతించినట్టు లెక్క. పెళ్ళామే ఎక్కింది, ఇంక మనకేం భయమని తక్కినవాళ్ళూ ఎక్కుతారు. ఎవడు పెట్టాడో గానీ, బండి ఓనర్లకు ఇంతకంటే చవకైన ఇన్సూరెన్సు లేదు!

ఇక ఈ జీపు సంగతి చెప్పనే అక్కర్లేదు. రిపేరయ్యాక ట్రయలుకు తీస్తే బానెట్టు కింద ఎవరో టకటకమని కొట్టారట. అది ఎర్రప్పేనని ఊరంతా పాకిపోయింది.

చౌడేశ్వరి కూడా నమ్మింది. నమ్మడమేమిటి, ఆశపడింది. ఆ చప్పుడు ఆమెకు కొత్తది కాదు. సాయంత్రాలు జీపు వీధి మలుపు తిరగకముందే టకటకమని వినబడేది, ఆమె పొయ్యి మీద ఎసరు పెట్టేది. మొగుడు పోయినా అది మాత్రం చెవుల్లోంచి పోలేదు. కాజాలు కుడుతుండగా వినబడేది. దిగ్గున లేచి కొట్టు వాకిట్లోకి పరిగెత్తేది. వీధిలో ఏ బండీ ఉండేది కాదు. అయ్యో, ఏం పిచ్చి! తెలిసీ మర్నాడు మళ్ళీ పోయేది.

"ఎక్కక్కా. నేను తోల్తాండా గదా, భయమెందుకు?" అన్నాడు స్టీరింగు వెనక నుంచి ఆమె తమ్ముడు జయరాం. రెండేళ్ళుగా వానల్లేక చేను బీడుపడి, దిక్కుతోచక తిరుగుతున్నవాడిని పుల్లన్న పిలిచి మరీ బావ పని ఇచ్చాడు. తమ్ముడు తోలే బండి అక్క ఎక్కక ఏం చేస్తుందన్నది ఆ దయ వెనక ఉన్న ఎత్తు.

"స్టార్టు చెయ్యప్పా," అన్నాడు పుల్లన్న.

ఇంజను మెత్తగా అందుకుంది. చప్పుడే లేదు. "చూసినారా, శాంతించినాడు!" అన్నారు జనం. ఊరెళ్ళే మారెక్క గబగబా తన గంపను జీపు పైకి ఎక్కించింది. చౌడేశ్వరి మాత్రం చెవులు రిక్కించింది. లేడు. ఇందులో కూడా లేడు.

అప్పుడామెకు ఎర్రప్ప మాటలు గుర్తొచ్చాయి. రోజూ పొద్దున అతను ఇంజను నడుస్తుండగానే ఆయిలు పోసే మూత విప్పి చూసేవాడు. అందులోంచి పొగ, బీడీ తాగే ముసలాడి నోట్లోంచి వచ్చినట్టు గుప్పుగుప్పున వచ్చేది. మీటరు అంకెలన్నీ అయిపోయి రెండుసార్లు సున్నాకొచ్చిన బండి అది. ఈ నేల దుమ్ము తిని తిని లోపలంతా అరిగిపోయింది. "ఇంజను దించి బేరింగులు చూపియ్యల్ల అన్నా," అని ఎన్నిసార్లు మొత్తుకున్నా పుల్లన్నది ఒకటే జవాబు. "గేర్లకు పోసే తొంబై ఆయిలు పొయ్‌రా. నోరు మూసుకుంటాది."

"ఆ చిక్కటి నూనె యవ్వారమంతా సల్లగున్నంతసేపే," అనేవాడు ఎర్రప్ప పెళ్ళాంతో. "యేడెక్కితే పల్చబడతాది. మళ్ళా టకటక కొట్టుకుంటాది. ఎప్పుడో ఒగనాడు పట్టేస్తాది చౌడీ."

పట్టేసింది. దిగుడులో ఇంజను బిగుసుకుపోయి, చక్రాలు నిలిచిపోయి, జీపు బోల్తా కొట్టింది. డ్రైవరు తాగి తోలాడని పుల్లన్న చెప్పాడు. టీ తప్ప ఇంకోటి ముట్టని మనిషి మీద ఆ నింద అలాగే ఉండిపోయింది.

చౌడేశ్వరి మెకానిక్ యేసన్న వైపు తిరిగింది. "యేసన్నా, లోపల బాగుచేసినావా?"

అతను నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటూ తల దించుకున్నాడు. "నన్నేమీ అడగొద్దు తల్లీ."

"ఎక్కుతా అన్నా," అంది ఆమె పుల్లన్నతో. "ఇంజను మాత్రం ఆపొద్దు. బాగా కాగనీ. కాగినాక ఎక్కుతా."

పుల్లన్న మొహం మాడిపోయింది. "ఇదేం శాస్త్రమమ్మా? డీజిలు ఊరికే వస్తాండాదా?"

"పోనీలేప్పా, ఈపొద్దు ఆయమ్మ మాట కాదనకూడదు," అంది మారెక్క. నలుగురూ ఔనన్నారు. ఆనవాయితీ అన్నాక ఆమె మాటా అందులో భాగమే మరి.

జయరాం యాక్సిలరేటరు తొక్కి పట్టాడు. బానెట్టు మీది పసుపు ఎండి పొరలు పొరలుగా లేచింది. టక్. కాసేపటికి మళ్ళీ టక్. తర్వాత ఆగకుండా టకటకటక.

"ఎర్రప్ప వచ్చినాడు!" జనం వెనక్కి జరిగారు.

చౌడేశ్వరి ఒక అడుగు ముందుకేసింది. అదే చప్పుడు. వీధి మలుపు, పొయ్యి మీద ఎసరు, గడపలో చెప్పులు విడిచే మనిషి, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. పరిగెత్తుకుపోయి ఆ సీట్లో కూర్చోవాలనిపించింది. ఇది ఆయన కాదంటే, ఆయనది అనుకోవడానికి ఆమెకు ఇంకేమీ మిగలదు.

"ఇన్నావా, మొగుడు పిలుస్తాన్నాడు!" పుల్లన్న అందిపుచ్చుకున్నాడు. "ఎక్కు తల్లీ. కావాలంటే పొట్టేలు గూడా కోపిస్తా."

చౌడేశ్వరి స్టీరింగు మీద ఉన్న తమ్ముడి చేతుల వైపు చూసింది. ఆ చోటే ఎర్రప్ప చేతులుండేవి.

"అది నా మొగుడు కాదు!" అంది. "నా మొగుణ్ణి సంపింది అదే. రంగుకు దుడ్లున్నాయి, బేరింగులకు ల్యాకపాయనా అన్నా? నేను ఎక్కను. నా తమ్ముడు తోలడు. దిగు జయరామా!"

"దిగితే మళ్ళా నీకీడ పని ల్యాదురా!" అరిచాడు పుల్లన్న.

యేసన్న చేతిలోని గుడ్డ కింద పడేశాడు. "పాత బేరింగులే ఏసినా. అరిగినచోట పాలడబ్బా రేకు కత్తిరించి పెట్టినా," అన్నాడు అందరికీ వినబడేలా. "ఓనరు పెట్టమన్నాడు, పెట్టినా. ఆయమ్మ చెప్పింది నిజమే."

మారెక్క ముందుకొచ్చి, "నా గంప దించు నాయనా," అంది.

జయరాం పుల్లన్నను చూశాడు, అక్కను చూశాడు. ఇంజను ఆపేశాడు.

పుల్లన్న తిట్లు లంకించుకున్నాడు. అవేవీ చౌడేశ్వరికి వినబడలేదు. చల్లారుతున్న బానెట్టు పక్కన చెవి ఒగ్గి ఆమె ఇంకా నిలబడే ఉంది.