అంచుదాకా నీళ్లు

బొమ్మలావిడ భూతం తలను మళ్లీ చెరిపేసింది. రబ్బరు పొట్టు అరచేత్తో దులిపి కొత్తగా గీస్తే, నెత్తి మీది గిన్నె మళ్లీ పెద్దదే వచ్చింది.

పిల్లల పుస్తకాలకు జపాను జానపద కథల భూతాలు గీయడం ఆవిడ పని. ఇవాళ్టిది నదిలో కాపు కాసి పిల్లల్ని లాక్కుపోయే రకం. తాబేలు డిప్ప, కోతి చేతులు, నడినెత్తిన గిన్నెలాంటి గుంట, అందులో నీళ్లు. బలమంతా ఆ నీళ్లలోనే. మనం వంగి దండం పెడితే అదీ మర్యాదకు వంగుతుందట. నీళ్లు ఒలికిపోతాయి, పిల్లలు బతికిపోతారు.

ఆ మర్యాద మీద ఆవిడకు నమ్మకం లేదు. పిల్లలు కంగారులో వంగడం మరిచిపోతే? అందుకే తుమ్మినా ఒలికేలా గిన్నెను అంచుదాకా నింపేస్తుంది.

పంపిన చిత్తుబొమ్మ చూసి ఫోన్లో ఎడిటరమ్మ నవ్వింది. “అక్కా, ఆ గిన్నెలో చంటిపిల్లకు స్నానం చేయించొచ్చు. కాస్త భయపెట్టక్కా! సాయంత్రానికి కావాలి.”

ఆ సాయంత్రమే బొమ్మలావిడ కూతురి ప్రయాణం. సముద్రం ఒడ్డున ఈత నేర్పే ఉద్యోగం. పక్కగదిలో సంచి జిప్పు చప్పుడైనప్పుడల్లా తల్లి కళ్లముందు సముద్రపు సుడులు తిరుగుతున్నాయి. పోయినేడు ఇలాంటి ఉద్యోగమే వస్తే గుండెనొప్పని మంచమెక్కింది. పిల్ల ఆగిపోయింది. ఆ మాట ఇప్పుడూ నాలిక చివరే ఉంది. లేచి నీళ్లు తాగింది. కూర్చుంది. పొయ్యి కట్టేశానో లేదోనని మళ్లీ లేచింది.

ఇందాకే ఈతకొలనులో ఈదొచ్చిన కూతురు తడిజుట్టుతోనే సంచి తగిలించుకుని వచ్చి, బొమ్మలోకి తొంగిచూసింది.

“మళ్లీ బకెట్టు పెట్టావా దాని నెత్తిన? చిన్నది చెయ్యమ్మా. లేకపోతే ఎవరు భయపడతారు?”

“ఎవరూ భయపడకూడదనే కదే.”

“అందరి తరఫునా నువ్వు భయపడుతున్నావుగా!”

తల్లి చెయ్యి తనకు తెలియకుండానే గుండెల మీదికి పోయింది. కూతురి నవ్వు ఆరిపోయింది. సంచి మెల్లగా కిందికి దించింది.

“మళ్లీ నొప్పా అమ్మా?”

ఆవిడ ఆ ముఖాన్ని చూసింది. ఒక్క ఊకొడితే చాలు.

“నొప్పీ లేదు, గిప్పీ లేదు. గుండీ ఊడేలా ఉంటే చూసుకుంటున్నా. పద, బస్సు పోతుంది. తిన్న వెంటనే నీళ్లలో దిగకు. జుట్టు ఆరబెట్టుకో.”

“సరే, సరే, సరే!”

మెట్ల మీద అడుగుల చప్పుడు వీధి రొదలో కలిసిపోయింది. బొమ్మలావిడ గిన్నె చెరిపేసి చిన్నగా, లోతుగా గీసింది. ఎంత వంగినా తొందరగా ఒలకదు. భూతం తలెత్తి సూటిగా చూసేసరికి ఒళ్లు జలదరించింది. చూపు తిప్పుకోకుండా రంగు వేసి, బొమ్మ పంపేసి, ముఖం కడుక్కోవడానికి వెళ్లింది.

బాత్రూం కిటికీ గట్టు మీద కూతురు మరిచిపోయిన ఈత టోపీ గిన్నెలా వెల్లకిలా పడి ఉంది, అడుగున గుక్కెడు నీళ్లతో.