తెల్ల రుమాలు ఊపితే గట్టిమేళం

మేనకోడలి పెళ్ళి ఆపుతానని సంజీవరావు నలుగురి ముందూ శపథం చేసి వారం తిరిగింది. ఇంతవరకూ ఒక్కరైనా వచ్చి, వద్దు బాబూ అని బతిమాలలేదు. అదీ అతని బాధ.

గొడవ కారుతో మొదలైంది. పటమటలో సంజీవరావు జట్కా తెలియనివాళ్ళు లేరు. ఇత్తడి గంటలు, నెమలీకల కుచ్చు, రాణి అనే తెల్ల గుర్రం. అక్క కూతురు సువార్తమ్మ ఉయ్యాలలో ఉండగానే చెప్పేశాడు, ఈ పిల్ల పెళ్ళయి గుడిలోంచి బయటికొస్తే ఎక్కేది తన బండే అని. తీరా పెళ్ళి కుదిరాక, రైల్వేలో గార్డుగా చేసే బావ అబ్రహాము బొగ్గు కారు మాట్లాడుకొచ్చాడు. పెట్రోలు దొరకని యుద్ధకాలం అది. కారు వెనక పీపాలాంటి పొయ్యి బిగించి, అందులో బొగ్గు రాజేసి, ఆ గ్యాసుతో నడిపేవాళ్ళు.

"నా మేనకోడల్ని కుంపటి మీద కూర్చోబెడతావా బావా?"

"నీ గుర్రం తోక ఎత్తితే అల్లుడి సూటు గతేంటి?" అన్నాడు అబ్రహాము.

చుట్టాలందరూ పగలబడి నవ్వారు. సంజీవరావు ముఖం కందగడ్డయింది.

"అయితే విను! గుడిలో పాదిరి అయ్యగారు 'ఎవరికైనా అభ్యంతరం ఉందా' అని అడుగుతారుగా, అప్పుడు లేచి నిలబడేది నేనే. లేవకపోతే ఈ మీసం తీసేస్తా!"

ఆ మీసం అతనికి ప్రాణం. అలాగని పెళ్ళి ఆగడమూ ఇష్టం లేదు. పామర్రు ఆసుపత్రి కాంపౌండరు జీవరత్నం సంబంధం తెచ్చిందే తను! లేస్తే పిల్ల పెళ్ళి పోతుంది. లేవకపోతే మీసం పోతుంది.

పెళ్ళి ఉదయం బెజవాడ గుడి ముందు జట్కా ఆపేసరికి, కిటికీ పక్క నీడలో హుమాయూన్ బ్యాండుమేళం కనిపించింది. హుమాయూన్ తన పెద్ద డ్రమ్ము తుడుచుకుంటున్నాడు.

"ఈ పెళ్ళిలో తాళాలెప్పుడు, మేళాలెప్పుడు అనేది నాకు అంతుపట్టదండీ," అన్నాడతను. "అదే హిందువుల పెళ్ళయితే, తాళి కట్టే వేళ ఎవరి తుమ్మూ వినపడకుండా గట్టిమేళం వాయించేస్తాం. ఎవడు ఏం కూసినా గాల్లో కలిసిపోవాల్సిందే."

సంజీవరావు బుర్రలో దీపం వెలిగింది. హుమాయూన్‌ని పక్కకు లాగాడు.

"సాయిబు గారూ, నేను లేచి అభ్యంతరం చెప్పాలి. అది ఒక్క ముక్క కూడా ఎవరికీ వినపడకూడదు. కిటికీ దగ్గరే కూర్చుంటా. తెల్ల రుమాలు ఊపగానే మీ గట్టిమేళం మోగాలి."

"వినపడకూడనిది చెప్పడం ఎందుకండీ?"

"మీసం కోసం."

హుమాయూన్ ఆ మీసాన్ని తేరిపార చూసి, న్యాయమేనన్నట్టు తలాడించాడు.

గుడి కిటకిటలాడుతోంది. సంజీవరావు కిటికీ పక్కన బిగుసుకు కూర్చున్నాడు. పాటలవాళ్ళు కీర్తన ఎత్తుకున్నారు. తెల్ల చీరలో, తల మీద ముసుగుతో సువార్తమ్మ తండ్రి చెయ్యి పట్టుకుని నడిచి వస్తోంది. ఆమెను చూసి ముందు వరసలో తల్లి ఎస్తేరమ్మ కళ్ళు తుడుచుకుంది.

తెల్ల రుమాలుతో.

ధనాధన్! కిటికీ ఊచలు అదిరాయి. కీర్తన ఆగిపోయింది. పెళ్ళికొడుకు ఉలిక్కిపడి పక్కనున్న పూలకుండీని కౌగలించుకున్నాడు. బయట రాణి సకిలించింది.

దేవసహాయం అయ్యగారు కళ్ళద్దాల మీదుగా ఒక్క చూపు చూశారు. గుడి బంట్రోతు బయటికి పరిగెత్తాడు. మేళం ఆగింది. 'చీవాట్లు పెట్టి వచ్చుంటాడులే,' అనుకుని సంజీవరావు ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ క్షణం రానే వచ్చింది.

"ఈ వివాహము జరుగకూడదనుటకు తగిన కారణము ఎవరికైనను తెలిసినయెడల ఇప్పుడే చెప్పవలెను."

తలలన్నీ కిటికీ వైపు తిరిగాయి. అబ్రహాము చూపు నేరుగా మీసం మీద పడింది. సంజీవరావు దర్జాగా రుమాలు ఊపి, లేచి నిలబడి, నోరు తెరిచాడు.

మేళం మోగలేదు.

ఓరగా కిటికీలోంచి చూశాడు. హుమాయూన్ రెండు చేతులూ ఖాళీగా చూపించాడు. బంట్రోతు డ్రమ్ము కర్రలు, బాకాలు, క్లారినెట్టు అన్నీ పట్టుకుపోయాడు!

తెరిచిన నోరు మూయలేక సంజీవరావు పెదవులు మాత్రం ఆడించాడు.

"గట్టిగా చెప్పవయ్యా, ఇక్కడికి వినపడటం లేదు!" అన్నాడు వెనక వరస ముసలాయన.

అయ్యగారు పుస్తకం మూశారు. "సంజీవరావు గారూ, వరుడికి ముందే పెళ్ళయిందా?"

"అయ్యో, లేదండీ! బంగారంలాంటి కుర్రాడు."

"వధువుకు ఇష్టం లేదా?"

"దానికా? నెల నుంచి నిద్రపోతేగా!"

సువార్తమ్మ ముసుగులో సిగ్గుతో ముడుచుకుపోయింది.

"మరి అభ్యంతరం దేనికండీ?"

సంజీవరావు చెమటలు కక్కాడు. "కారుకండీ."

గుడంతా గొల్లుమంది. "వివాహ క్రమంలో కారు లేదు. కూర్చోండి," అన్నారు అయ్యగారు.

ముసుగు లేచింది. "మావయ్యా, నీ బండిలోనే వస్తా. ముందు నా పెళ్ళి కానియ్యి!"

"నేను కారెక్కుతానని పామర్రంతా చెప్పొచ్చానండీ," అని గొణిగాడు పెళ్ళికొడుకు.

"కారే!" అంటూ లేచాడు అబ్రహాము.

"ఇంకెవరైనా లేచారంటే నేను ఇంటికి పోతా!" అని అయ్యగారు గర్జించి, మిగతా పెళ్ళి గుక్క తిప్పుకోకుండా చేసేశారు.

బయటికొచ్చి చూస్తే కారు చల్లబడిపోయి ఉంది. లోపలి తమాషా చూడ్డానికి డ్రైవరు గుమ్మంలో నిలబడిపోయాడు, పొయ్యి ఆరిపోయింది. మళ్ళీ రాజుకునేలోగా అన్నం వండుకుని తినొచ్చు. నెత్తిన మే నెల ఎండ.

సంజీవరావు రాణిని జట్కా నుంచి విప్పి, మోకులతో కారు ముందు కట్టాడు. కొత్త దంపతుల్ని లోపల కూర్చోబెట్టి, పగ్గాలు పట్టుకుని బానెట్టు మీదికెక్కాడు.

"చూశావా బావా? నా గుర్రంతోనే వెళ్తోంది!"

"కూర్చున్నది నా కార్లోనేగా!"

"లేస్తానన్నాను, లేచాను. మీసం ఉంది!" అంటూ సంజీవరావు హాయిగా జేబులోంచి రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

అప్పుడే కర్రలు చేతికొచ్చిన హుమాయూన్, తెల్ల రుమాలు చూశాడు. మాటంటే మాటే.

ధనాధన్!

రాణి ముందుకాళ్ళు గాల్లోకి లేపి, ఒక్క దూకు దూకింది. ఆ బొగ్గు కారు పుట్టి బుద్ధెరిగాక అంత వేగంగా పోలేదు. సంజీవరావు ఒక చేత్తో బానెట్టునీ, రెండో చేత్తో పగ్గాల్నీ పట్టుకుని యెహోవాను పిలుస్తున్నాడు. వెనక నుంచి పెళ్ళికొడుకు తల బయటపెట్టి అరుస్తున్నాడు:

"ఇంకొంచెం తోలండి మావయ్యగారూ, పామర్రు దాకా!"