అక్షరం ముక్క

మౌస్ పట్టుకునేవాళ్ళంటే సర్వర్‌గారికి ఒళ్ళుమంట. ఆ పార్సిల్ కంపెనీ పెద్దాఫీసులో కంప్యూటర్లన్నీ చూసుకునేది అతనే. నల్లతెర తెరిచి టకటకా నాలుగు మాటలు కొట్టి, ఊరవతల బ్రాంచిలో ఉన్న యంత్రాన్ని కూడా కుర్చీలోంచి కదలకుండా ఆడించగలడు. అది విద్యే, కాదనం. కానీ విద్య గోరంత, దాని మీద పొగరు కొండంత. తెర మీది బొమ్మల్ని నొక్కుకుంటూ పని చేసుకునేవాళ్ళని "అక్షరం ముక్క రానివాళ్ళు" అనేవాడు. లెక్కలు రాసే పెద్దాయన్ని మొహం మీదే అన్నాడు, మేనేజర్ని వెనకాల అన్నాడు. ఆఫీసువాళ్ళు ఊరుకుంటారా? సర్వర్‌గారని పేరు పెట్టారు. కంప్యూటర్లన్నింటినీ నడిపే పెద్ద కంప్యూటర్ని సర్వరంటారు గనక అది మర్యాదే అనుకుని అతను మురిసిపోయాడు గానీ, వాళ్ళు తల్చుకుని నవ్వుకునేది హోటల్లో ప్లేట్లు తెచ్చే సర్వర్ని.

అందరినీ చులకన చేసేవాడే అయినా వదిన దగ్గరికొచ్చేసరికి ఇంకో గరిటె ఎక్కువ వడ్డించేవాడు. వదిన, అంటే అన్న భార్య, అదే కంపెనీ చిన్న బ్రాంచిలో కౌంటరు దగ్గర కూర్చుంటుంది. పార్సిళ్ళు తూచి, కంప్యూటర్లో అడ్రసు కొట్టి, చీటీ అంటించి పంపుతుంది. అన్న నడుము పడిపోయి మంచాన ఉన్నప్పటి నుంచి ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతున్నదంటే ఆ ఉద్యోగం చలవే. ఆ పొయ్యి మీద వండింది సర్వర్‌గారు రెండుపూటలా తింటాడు, ఉప్పు తక్కువైందని వంక పెట్టి మరీ.

వదిన కూడా ఏం తక్కువది కాదు. కంప్యూటర్ డబ్బా మీద టీ కప్పు పెడుతుంది. అది మొరాయిస్తే అరచేత్తో రెండు చరుస్తుంది. వానాకాలం తడిసిన గొడుగు దానికే ఆనిస్తుంది. ఒకసారి ఆ బ్రాంచికి వెళ్ళిన సర్వర్‌గారు గొడుగు నీళ్ళు డబ్బా పక్కన మడుగు కట్టడం చూసి నిప్పులు కక్కాడు. వడ్రంగిని పిలిపించి, కౌంటరు కింద చెక్క పెట్టె చేయించి, గాలాడేందుకు కన్నాలు పెట్టించి, డబ్బాని అందులోకి తోసి తాళం వేశాడు. ఇక దాన్ని రాత్రిళ్ళు కూడా ఆపే పని లేదని చెప్పి, తాళంచెవి తన గుత్తిలో వేసుకున్నాడు. పెట్టె మీద కాయితం అంటించాడు: "ముట్టరాదు. అక్షరం ముక్క రానివాళ్ళు అసలే ముట్టరాదు."

వదిన అది పైకి చదివింది.

"అక్షరం ముక్క రానివాళ్ళు దీన్నెలా చదువుతారు మరిదిగారూ?"

కౌంటరు ముందు పార్సిళ్ళు పట్టుకుని నిలబడ్డవాళ్ళు పకపకా నవ్వారు. ఆ నవ్వు సర్వర్‌గారికి గొంతులో ముల్లై కూర్చుంది. మింగుడు పడదు, బయటికి రాదు.

ఆ ముల్లుతోనే యజమాని గదికి వెళ్ళాడు.

"బ్రాంచిల్లో మనుషులు దండగండీ. జనమే వచ్చి తూచుకుని, చీటీ తీసి అంటించుకుంటారు. యంత్రం మొండికేస్తే ఇక్కణ్ణించే నేను ఆపి లేపుతాను. ముందు ఆ చిన్న బ్రాంచితో మొదలుపెడదాం."

వదిన ఉద్యోగం ఊడుతుందని తెలియక అన్నాడా? తెలిసే అన్నాడు. బ్రాంచిలన్నింటికీ తానే అధికారి అవుతాడు. ఇల్లు తన చేతి మీదుగా నడుస్తుంది. అప్పుడు వదిన ఎలా నవ్వుతుందో చూడాలని అతని ఉబలాటం. ఇంత నీచుడుంటాడా అని ముక్కున వేలేసుకోనక్కర్లేదు. ఇలాంటివాళ్ళు మన ఇంట్లోనే, కంచం ముందు కూర్చుని ఉంటారు.

యజమాని మాటలకి పడే మనిషి కాదు. కుర్చీ లాక్కొచ్చి సర్వర్‌గారి పక్కనే కూర్చున్నాడు.

"ఏదీ, ఆ బ్రాంచిది ఇప్పుడు ఆపి లేపు. లేచిందా, అక్కడ మనిషిని మాన్పించేద్దాం, నీకు పెద్ద కుర్చీ వేద్దాం."

ఇంతకన్నా ఏం కావాలి? సర్వర్‌గారు నల్లతెర తెరిచి పాఠం మొదలుపెట్టాడు.

"ఇదంతా ఒక్క అక్షరంలో ఉందండీ. ఇక్కడ ఈ గీత పక్కన ఆర్ కొడితే ఆగి, దానంతట అదే మళ్ళీ లేస్తుంది. ఎస్ కొట్టామా, ఆగిపోతుంది, అంతే. ఎవరో ఒకరు వెళ్ళి బటన్ నొక్కితే తప్ప లేవదు. అక్షరం ముక్క వచ్చినవాళ్ళు చేసే పనండీ ఇది."

చెబుతున్నంతసేపూ అతని చూపు యజమాని మొహం మీదే ఉంది, ఆ మొహంలో మెప్పు ఎప్పుడు కనిపిస్తుందా అని. వేళ్ళని చూసే తీరిక లేదు. ఆ వేళ్ళకేమో రోజూ సాయంత్రం ఆఫీసు కంప్యూటర్లన్నింటినీ ఇదే మాటతో, చివర ఎస్ పెట్టి ఆపడం అలవాటు. అవి వాటి దారిన అవి పోయాయి. ఎంటర్ మీద చిటికెన వేలు డాబుగా పడింది.

"ఇప్పుడు లేస్తుంది చూడండి."

లేవలేదు. యజమాని టీ తెప్పించుకుని తాగాడు. అప్పటికీ లేవలేదు. సర్వర్‌గారు తాను కొట్టిన వరస మళ్ళీ చదువుకున్నాడు. గీత పక్కన నిక్షేపంలా ఎస్ కూర్చుని ఉంది.

ఇంతలో ఫోను మోగింది. వదిన. యజమాని చెయ్యి చాచి స్పీకరు నొక్కాడు.

"ఏం మరిదిగారూ, ఈ కంప్యూటరు ఉన్నట్టుండి గుటుక్కుమంది. నేనేం ముట్టుకోలేదు సుమా!"

"తెలుసు వదినా. కాస్త దాని బటన్ నొక్కు."

"ఎలా నొక్కను? అది నీ పెట్టెలో ఉందిగా."

సర్వర్‌గారి చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. తాళాల గుత్తి గలగలమంది. ఆ చప్పుడు యజమానీ విన్నాడు.

"అసలెందుకాగిందయ్యా?" అని అడిగాడు.

"ఆర్ బదులు ఎస్ పడిందండీ."

"పడిందా, కొట్టావా?"

"కొట్టానండీ."

"ఎస్ కొడితే ఏమవుతుందేంటి?" అంది ఫోన్లోంచి వదిన.

జవాబు యజమాని చెప్పాడు. "ఇంక లేవదమ్మా. మనిషి వెళ్ళి లేపాలి." తర్వాత సర్వర్‌గారి వైపు తిరిగాడు. "ఆ మనిషినేగా నువ్వు తీసేద్దామన్నది?"

ఫోన్లో తూకం మీద పార్సిలు పెట్టిన చప్పుడు వినిపించింది.

"జనం ఉన్నారండీ. చీటీలు చేత్తో రాసి పంపిస్తుంటాను," అని వదిన పెట్టేసింది.

"వెళ్ళు," అన్నాడు యజమాని. "వెళ్ళి లేపి, తాళంచెవి ఆమె చేతికిచ్చి రా. ఆమె కుర్చీ ఎక్కడికీ పోదు. నీ కుర్చీ సంగతి నువ్వొచ్చాక చూద్దాం."

వానలో బస్సు పట్టుకుని, తడిసి ముద్దయి బ్రాంచికి చేరాడు సర్వర్‌గారు. "లైన్లో రావయ్యా" అని ఎవరో గదమాయించారు. జనాన్ని తప్పించుకుని కౌంటరు లోపలికి వెళ్ళాడు. పెట్టె వదిన కాళ్ళ పక్కనే. ఆమె లేవలేదు, కాళ్ళు మాత్రం కాస్త పక్కకి జరిపింది. అతను మోకాళ్ళ మీద వంగి, దూరి, తాళం తీసి బటన్ నొక్కాడు. దీపం వెలిగింది. దాంట్లో ఏ విద్యా లేదు, వేలుంటే చాలు.

లేవబోతుంటే పైనుంచి వదిన గొంతు వినిపించింది. అందులో ఏడుపు లేదు, కోపం కూడా లేదు. ఇన్నాళ్ళూ అతను లోకమంతటికీ పంచిపెట్టిన ఏవగింపు అందులో ఉంది.

"అంటే నాకూ ఎస్సే కొట్టావన్నమాట," అంది రాస్తున్న చీటీలోంచి తలెత్తకుండా. "పొద్దున నువ్వు తిన్న కంచం కడిగి వచ్చాను మరిదీ."

తాళంచెవి కోసం చెయ్యి చాచింది. అతను ఇచ్చాడు. ఆమె దాన్ని సంచిలో వేసుకుని, మూలనున్న తడి గొడుగు తెచ్చి, అతను చూస్తుండగానే ఆ పెట్టె తలుపుకి తగిలించింది. నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. సర్వర్‌గారి నోట అక్షరం ముక్క రాలేదు.