ఎడమ చుట్టు

కోడిగుడ్డు పెంకును చెంచా వెనకభాగంతో మెత్తగా నూరి, ఆ పొడిని దోసకాయ ముక్క మీద చల్లి, హనీఫ్ ప్లాస్టిక్ డబ్బీ మూత తీశాడు. అడుగున పరిచిన నాచు ఇంకా తడిగానే ఉంది. మిరియపు గింజంత నత్త డబ్బీ గోడకు అతుక్కుని నిద్రపోతోంది. దోసకాయ ముక్కను దాని పక్కన పెట్టి, వేలికొసతో రెండు నీటి చుక్కలు రాల్చాడు. కాసేపటికి గుల్ల కదిలింది. దారప్పోగుల్లాంటి కొమ్ములు బయటికొచ్చి గాలిని తడిమాయి. అప్పుడు గానీ హనీఫ్ తన టీ గ్లాసు అందుకోలేదు. ఎవరైనా అడిగితే అది అలవాటని చెప్పేవాడు. అడిగేవాళ్ళు లేరు.

కింద రీలింగ్ షెడ్డులో బాయిలర్ అంటించారు. ఉడికే పట్టుగూళ్ళ వాసన మెట్లెక్కి గదిలోకి వస్తోంది. మదనపల్లెకు కొత్తగా వచ్చినవాళ్ళు ఆ వాసనకు ముక్కు మూసుకుంటారు. హనీఫ్‌కు మాత్రం షెడ్డు మూసి ఉన్న రోజునే అది గుర్తొచ్చేది. గదిలో ఏదో తగ్గినట్టుండి, ఏం తగ్గిందా అని వెతుక్కునేవాడు.

యాభై ఆరేళ్ళ వయసు, బక్కపలచని ఒళ్ళు, ఎప్పుడూ ఒకే రంగు చొక్కాలు. ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పిల్లలకు జువాలజీ ప్రాక్టికల్స్ చేయిస్తాడు. ఆయన వెనక పిల్లలు ‘నత్త సార్’ అనుకుంటారని ఆయనకు తెలుసు. మొదట్లో నొచ్చుకున్నాడు. తర్వాత తర్వాత, తన గురించి ఎవరో ఏదో ఒకటి గమనించారు కదా అనిపించి, ఆ పేరు వినిపించినప్పుడు నడక కొంచెం నెమ్మది చేసేవాడు.

పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు ఒక్కో వయసులో ఒక్కో జవాబు చెప్పాడు. చెల్లెళ్ళ పెళ్ళిళ్ళన్నాడు. అమ్మ జబ్బన్నాడు. ఆ తర్వాత వయసు దాటిపోయిందన్నాడు. అన్నీ కొంచెం కొంచెం నిజమే. వాటి అడుగున ఉన్న అసలు కారణం ఏమిటో ఇప్పుడాయనకే తెలియదు. మనుషులు ఎదురుగా వచ్చినప్పుడు లోపల ఏదో పక్కకు తిరిగిపోయేది. అంతవరకే తెలుసు.

ఈ నత్త దొరికింది పుంగనూరు అవతలి గుట్ట మీద, రెండేళ్ళ కిందటి వానల్లో. బండల సందుల్లో రాలిన ఆకుల్ని జల్లెడ పడుతుంటే ఒకే రకం చిన్న నత్తలు చాలా కనిపించాయి. శాస్త్రానికి కొత్తవి కావు, ఎప్పుడో పేరు పెట్టినవే. నత్తగుల్ల కొనను పైకి పెట్టి, నోరు మనవైపు తిప్పి పట్టుకుంటే, వాటన్నిటికీ నోరు కుడిపక్కన తెరుచుకుంటుంది. దీనొక్కదానికే ఎడమపక్కన. అద్దంలో చూస్తున్నానేమో అన్నట్టు కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఎడమే. ఇది చుట్టు తిరిగిన దిక్కే వేరు. దాంతోపాటు లోపలి ఒళ్ళు మొత్తం తిరగబడి ఉంటుంది. కుడి చుట్టు నత్త ఎదురుపడినా జతకట్టడానికి రెండింటికీ పొంతన కుదరదు. పక్కపక్కనే పాకుతాయి, ఒకే ఆకు తింటాయి, అంతే.

పుణెలో నత్తల మీద పనిచేసే సుప్రియ అనే నిపుణురాలికి ఫోటోలు పంపాడు. ఆమె మర్యాదగా, శ్రద్ధగా ఫోన్ చేసి మాట్లాడింది. ఎడమ చుట్టువి ఇంకా దొరికితే, అవన్నీ ఒక గుంపుగా బతుకుతున్నట్టు తేలితే, కొత్త జాతి అని నిలబెట్టవచ్చునంది. అప్పుడు పేరు మీరే పెడుదురుగానీ అని కూడా అంది. ఒక్కటే అయితే మాత్రం అది పాత జాతిలోనే పుట్టిన వైకల్యం అయివుంటుందని చెప్పింది. ఆ మాట ఆమె నత్త గురించే అంది. హనీఫ్ మాత్రం ఫోన్ పెట్టేశాక డబ్బీని తన ఎదురుగా పెట్టుకున్నాడు. ఒకటైతే లోపం. రెండోది ఉంటే జాతి. లోపానికీ జాతికీ నడుమ ఉన్నది ఇంకొక్క ప్రాణి.

రెండు వానాకాలాలు వెతికాడు. పుంగనూరు గుట్టలు, సదుం వంకలు, పెద్దమండ్యం బీళ్ళు. కుప్పం దాకా వెళ్ళాడు. అక్కడ గ్రానైట్ కోసే యార్డులో కాపలా ఉండే రామప్ప పరిచయమయ్యాడు. పారేసిన పలకల కింద నత్తలుండే చోటు చూపించింది అతనే. అప్పుడు కనిపించినవి ఖాళీ గుల్లలే, అవీ పగిలిపోయినవి. వానలు పడ్డాక ఎడమ చుట్టువి కనిపిస్తే చెప్పమని నంబరు ఇచ్చి వచ్చాడు.

మొన్న రామప్ప ఫోన్ చేశాడు.

“అట్లాటివి ఈడ శానా ఉండాయి సారూ. అన్నీ ఎడమ చుట్టే.”

“అన్నీనా?”

“ఒగటన్నా తప్పితే సూడు. సుట్టు తెలీనోడు దాసరెట్లయితాడు సారూ?” అని నవ్వాడు.

హనీఫ్ చెవిలో ‘అన్నీ’ అన్న ఒక్క మాటే మిగిలింది. రెండోదాని కోసం వెతుకుతున్నవాడికి ఊరు ఊరే దొరికింది. తడి పలకల కింద, అన్నీ ఎడమకు తిరిగినవి, ఒకదానికొకటి పొంతన కుదిరినవి. ఫోటో తీసి పంపమని అడగవచ్చు. అడగలేదు. ఎందుకు అడగలేదో తనకు తెలుసు గనుక ఆ ఆలోచన దగ్గర ఆగలేదు.

*

ఆదివారం పొద్దున డబ్బీని చొక్కా జేబులో పెట్టుకుని బస్సెక్కాడు. బస్టాండు మెట్లెక్కేసరికే ఆయాసం వచ్చింది. ఈమధ్య వస్తోంది. కిటికీ పక్కన కూర్చుని, జేబు మీద అరచెయ్యి పెట్టుకున్నాడు. టికెట్ ఇస్తూ కండక్టర్ ఆ చెయ్యి చూసి, గుండె నొప్పా అని అడిగాడు. కాదు, నత్త ఉంది అన్నాడు హనీఫ్. అబద్ధం చెప్పడం ఆయనకు తొందరగా తోచదు.

“అదా సంగతి,” అన్నాడు కండక్టర్ వెనక్కి తిరిగి అందరికీ వినపడేలా. “బండి యాల ఇంత నిదానంగా పోతాందా అనుకుంటాండా.”

బస్సు నవ్వింది. హనీఫ్ కూడా నవ్వాడు. నలుగురితో కలిసి నవ్వి చాలా రోజులైందని ఆయనకు పుంగనూరు దాటాక తోచింది. పలమనేరు దగ్గర వాన పట్టుకుంది. మబ్బు కింద చింతచెట్లు, మల్బరీ తోటలు, టమోటా కట్టెలు వెనక్కి పోతున్నాయి. మనసులో ఒక పేరు పెట్టుకున్నాడు, ఎవరికీ చెప్పని పేరు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ కుప్పం చేరాడు.

రామప్ప గేటు దగ్గరే గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అరవై దాటిన మనిషి, నుదుటి మీద చెదిరిన నామం. వాళ్ళ వంశంలో అందరూ శంఖం, జేగంట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన దాసరులే. తాను కాపలా ఉద్యోగంలోకి వచ్చినా, శనివారం తెల్లవారుజామున మాత్రం తలస్నానం చేసి శంఖం ఊదుతాడు. యార్డు మూలన రేకుల గది. భార్య మునెమ్మ లోపల పొయ్యి దగ్గర ఉంది. రామప్ప తడి గోనెపట్టా కప్పిన కొబ్బరిచిప్ప తెచ్చి, పెళ్ళికూతురి మేలిముసుగు తీసినట్టు పట్టా తొలగించాడు.

చిప్ప నిండా నత్తలు. హనీఫ్ భూతద్దం తీశాడు. ఒకదాన్ని ఎత్తి, కొన పైకి పెట్టి, నోరు తనవైపు తిప్పుకున్నాడు.

కుడి.

రెండోది తీశాడు. కుడి. చిప్ప అడుగు కనిపించేదాకా తీస్తూనే ఉన్నాడు. వాన రేకుల మీద పడుతోంది. చివరికి చిప్ప పక్కన పెట్టి, “ఇవన్నీ కుడి చుట్టువి రామప్పా,” అన్నాడు.

“అదెట్ల సారూ? ఎడమ గదా.” రామప్ప ఒక గుల్లను తీసుకుని, కొన కిందికి, తన నోటివైపు తిప్పి పట్టుకున్నాడు. “సూడు. నోరు యాపక్క ఉండాది? ఎడమపక్క.”

“అట్లా తలకిందులుగా పట్టుకోకూడదు.”

“తలకిందులా? శంకాన్ని ఇట్లనే గదప్పా పట్టుకునేది. కొన నోటికి. మామూలు శంకాలన్నీ ఎడంపురే.”

ఏ ఇంట్లోనూ ఎవరూ ఆయన చేతికి శంఖం ఇవ్వలేదు. దాన్ని ఎటు పట్టుకుంటారో తెలుసుకునే అవసరం ఎన్నడూ పడలేదు. రామప్ప చెప్పిందాంట్లో తప్పు లేదు. ఆ చేతిలో అది ఎడమే. ఈ చేతిలో కుడే. తాను అడిగిన మాటకు అతను నిజమే చెప్పాడు. మూడు రోజులపాటు లేని ఊరొకదాన్ని కట్టుకుని అందులో కాపురమున్నది తను.

రామప్ప ఆయన ముఖం చూసి, ఏదో పొరపాటు జరిగిందని గ్రహించి, ఆయన దగ్గరున్న నత్తను చూపించమన్నాడు. హనీఫ్ డబ్బీ తెరిచి భూతద్దం చేతికిచ్చాడు. రామప్ప వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. నడుముకు చుట్టుకున్న తుండు విప్పి చేతులు తుడుచుకుని, మళ్ళీ చూశాడు.

“ఇది వలంపురి సారూ, కుడిపక్క నోరుండే శంకం,” అన్నాడు గొంతు తగ్గించి. “లచ్చల్లో ఒగటి పుడతాది. మా తాత కండ్లారా సూడల్లని సచ్చిందాకా తిరిగినాడు. నువ్వేమో జోబిలో ఏసుకోని బస్సెక్కుతాండావు.”

“మా లెక్కలో ఇది లోపం, రామప్పా.”

“అట్లనద్దు సారూ. దానికి వినపడతాది.”

మునెమ్మ పొయ్యి దగ్గరినుంచి లేచొచ్చి తానూ చూసింది. ఏమీ కనిపించలేదని, కానీ దండం పెట్టుకున్నానని చెప్పింది. హనీఫ్‌కు నవ్వు రాబోయి ఆగింది. రెండేళ్ళలో దాన్ని మంచిదని ఒకరు అనడం ఇదే మొదలు. ఆ మాటను పట్టుకుని వేలాడాలని మనసు చెయ్యి చాచింది. అంతలోనే దాని బరువు తెలిసిపోయింది. లోపమన్నా, అదృష్టమన్నా, రెండు మాటల్లోనూ అది ఒక్కటే. లక్షల్లో ఒకటంటే, మిగతా లక్షల్లో దానికి ఎవరూ లేరనే.

భోంచేసి పొమ్మంటే ఆకలి లేదన్నాడు. మునెమ్మ ఊరుకోలేదు. ఉడకబెట్టిన చెనక్కాయలు స్టీలు డబ్బాలో నింపి చేతిలో పెట్టింది.

“డబ్బా మళ్ళా తేవల్లన్నా. మా సెల్లెలు బయ్యమ్మ నా పెండ్లికి నా పేరు కొట్టిచ్చి ఇచ్చిండేది.”

తెస్తానన్నాడు.

*

తిరుగు బస్సులో డబ్బా ఒళ్ళో వెచ్చగా ఉంది. ఎవరింటి గిన్నెనూ ఖాళీగా తిరిగివ్వకూడదని అమ్మ అనేది. మునెమ్మకు ఏం వేసి ఇవ్వాలా అని ఆలోచించాడు. మదనపల్లె బేకరీ ఖారా బిస్కెట్లు బాగుంటాయి. వాళ్ళు తింటారో లేదో అడగవలసింది. వచ్చే ఆదివారం వెళ్ళాలా, ఆపై ఆదివారమా? తాను ఒక చోటికి తిరిగి రావాలని ఎవరో ఎదురుచూడడం కొత్తగా ఉంది. ఆ కొత్తదనంలోనే కాసేపు కూర్చున్నాడు.

తర్వాత జేబులోని డబ్బీ గురించి ఆలోచించాడు. ఏం చెయ్యాలో తెలుసు. స్పిరిట్‌లో వేసి, దొరికిన చోటు, తేదీ రాసి, అసాధారణం అని అంటించి దాచవచ్చు. అది సరైన పనే. లేదా గదిలో పెంచవచ్చు, పెంకు పొడి, దోసకాయ ముక్కలతో, అది ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు. రెండో పని తన కోసం చేస్తున్నదని మొదటిసారి స్పష్టంగా ఒప్పుకున్నాడు. డబ్బీలో ఉన్నది తనకు తోడు. దానికి మాత్రం తోడు లేదు.

పుంగనూరు రాగానే దిగేశాడు. మదనపల్లె దాకా టికెట్ ఉంది కదా అని కండక్టర్ అరిచాడు. చెయ్యూపాడు.

ఆటోలో గుట్ట మొదలుదాకా వెళ్ళి, ఆటోను పంపేశాడు. ఇంకా వెలుతురుంది. సన్నని తుంపర. ఎప్పుడూ ఎక్కే దారే, ఈసారి రెండుచోట్ల ఆగి బండలు పట్టుకోవలసి వచ్చింది. ఎడమ భుజంలో ఏదో లాగుతోంది. డబ్బా బరువనుకుని చెయ్యి మార్చుకున్నాడు. దొరికిన చోటునే వదలాలి. వేరేచోట వదిలితే, రేపెవరో వెతికేవాడు దాన్ని అక్కడిదనుకుంటాడు. ఆ పొరపాటు తనవల్ల జరగకూడదు.

రెండు బండల నడుమ సందు నీళ్ళోడుతూ ఉంది. కుళ్ళిన ఆకుల మీద కుడి చుట్టు నత్తలు అప్పటికే మేతకు బయటికొచ్చాయి. హనీఫ్ వాటి నడుమ తనదాన్ని దించాడు. అది కాసేపు ముడుచుకుని ఉండి, కొమ్ములు చాచి, పాకడం మొదలుపెట్టింది. ఎదురొచ్చిన ఒకదాన్ని తాకింది. రెండూ ఆగాయి. ఒకదాన్నొకటి తడుముకున్నాయి. తర్వాత ఏ తొందరా లేకుండా ఎవరి దారిన అవి పోయాయి.

ఇక్కడా ఒంటరే అనుకున్నాడు. కానీ ఇక్కడ వాన ఉంది.

కొంతసేపటికి ఏది తనదో కనిపెట్టలేకపోయాడు. భూతద్దం తియ్యబోయి మానుకున్నాడు. ఆయాసం తగ్గాక దిగుదామని బండకు వీపు ఆనించి కాళ్ళు చాపుకున్నాడు. కింద పుంగనూరులో దీపాలు వెలుగుతున్నాయి. పక్కన తడి ఆకుల్లో ఏదో మెల్లగా, చాలా మెల్లగా తింటున్న చప్పుడు. అది వినిపించేంత చప్పుడు కాదని తెలుసు. అయినా విన్నాడు.

మర్నాడు పొద్దున మేకలు తోలుకొచ్చినవాళ్ళు చూశారు. కునుకు తీస్తున్న మనిషే అనుకుని, కాసేపు పిలవలేదట. పక్కన బండ మీద స్టీలు డబ్బా వానకు కడిగినట్టుంది; మూత మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు, ‘మునెమ్మ’, వాటి గుంతల్లో నిలిచిన నీళ్ళు, లోపల ఒక్కటీ ఒలవని చెనక్కాయలు.