పైకా, కిందికా?

ఎవరి కాళ్ళూ పట్టుకోకుండా బతకమని మా నాన్న నాకు చిన్నప్పుడే చెప్పాడు. నేనేమో పెద్దయ్యాక చెప్పుల కొట్టు పెట్టాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్టూలు మీద కూర్చుని ఊళ్ళోవాళ్ళ పాదాలు ఒళ్ళో పెట్టుకోవడమే నా పని. అందుకే ఆ రోజు మా ఆవిడ చెప్పు నడివీధిలో ఊడి పడి ఉండటం, ఆవిడ మాత్రం ఒంటి చెప్పుతో కూరల బండి దాకా వెళ్ళిపోవడం చూసి నాకు నవ్వు రాలేదు.

"ఏమోయ్ టీచరమ్మా, చెప్పు అక్కడే వదిలేశావు," అన్నాను దాన్ని పట్టుకుని పరుగెత్తుకొచ్చి.

ఆవిడ కాళ్ళకేసి చూసుకుంది. చూసుకున్నాక గానీ ఆవిడకు తెలియలేదు.

"మీ కొట్టు సరుకే కదా, అలాగే ఏడుస్తుంది," అంది, చెప్పు లాక్కుని.

మాటకు మాట అంటించడంలో మా ఆవిడ తర్వాతే ఎవరైనా. కానీ మాడిపోతున్న ఎండలో తారురోడ్డు మీద ఉత్తపాదం పెట్టి నడిచిన మనిషికి కాలు చుర్రుమనకపోవడం ఏమిటి? ఆ పూట కొట్లో ఒకాయనకు రెండు కాళ్ళకూ ఎడమకాలి బూట్లే తొడిగాను. ఆయన నన్నూ బూట్లనూ మార్చి మార్చి చూశాడు.

మా ఆవిడ మా మేడ మీద హాల్లో యోగా నేర్పుతుంది. మాంసం, గుడ్డు మా ఇంట్లో మొదటినుంచీ లేవు. కొన్నేళ్ళ కిందట ఆవిడ పాలూ పెరుగూ కూడా మానేసింది. నేను మాత్రం వీధి చివర టీకొట్లో దొంగచాటుగా పాలటీ తాగి మూతి తుడుచుకుని వచ్చేవాణ్ణి. శాకాహారులకు బలమెక్కడిదనేవాళ్ళ నోళ్ళు మూయించాలని ఆవిడ పంతం. బఠాణీల ప్రోటీన్ పొడి నీళ్ళలో కలుపుకుని తాగేది. నాచుతో చేసిన ఆకుపచ్చ బిళ్ళలు రెండు పూటలా మింగేది. "కాయగూరల్లో దొరకదంటారే బీ ట్వెల్వ్ విటమిన్, అది ఇందులో కావలసినంత ఉంది," అని డబ్బా తిప్పి చూపించేది. క్లాసులోనూ అదే చెప్పేది. సగంమంది అవే మింగుతున్నారు. బలానికైతే లోటు లేదు. మోచేతుల మీద ఒళ్ళంతా నిలిపి, జిమ్ముకెళ్ళే మా తమ్ముడు చతికిలబడేదాకా కదిలేది కాదు.

మర్నాడు తాళాలు ఇచ్చే వంకతో మేడెక్కాను. క్లాసు నడుస్తోంది.

"ఒంటికాలి మీద నిలబడండి. ఇప్పుడు మెల్లగా కళ్ళు మూసుకోండి," అంటోంది.

అందరూ మూసుకున్నారు. ముందువరసలో రిటైరైన లెక్కల మాస్టారు ఊగుతూనే మూసుకున్నారు. ఆవిడ మూసుకోలేదు. రెండు కాళ్ళూ నేలకానించి, ఒక చేత్తో కిటికీ ఊచ పట్టుకుని, రెప్ప వెయ్యకుండా తన పాదాలనే చూసుకుంటోంది. నన్ను చూసి ఊచ వదిలేసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మొహంలో అంత భయం నేను చూడలేదు.

ఇంట్లో అడిగితే ఇంతెత్తున లేచింది.

"తిమ్మిరంతే. బిళ్ళలు పెంచాను, తగ్గిపోతుంది."

"డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"వెళ్తే మాంసం తినమంటారు. చచ్చినా తినను. క్లాసులో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

ఆదివారం పొద్దున స్నానాలగదిలోంచి దబ్బుమని చప్పుడైంది. మొహానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకుందట, అంతే. నుదురు చిట్లి, నురగ ఎర్రబడింది.

"నేల ఎటుందో తెలియలేదండీ," అని చంటిపిల్లలా ఏడ్చింది.

డాక్టరమ్మ ఆవిడను బల్ల మీద పడుకోబెట్టి, కళ్ళు మూయించి, కాలి బొటనవేలు పట్టుకుని కొంచెం వంచారు.

"పైకా, కిందికా?"

"పైకి."

తప్పు. మళ్ళీ అడిగారు. మళ్ళీ తప్పు. నాకు కనిపిస్తోంది, చెప్పడానికి లేదు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

రక్తపరీక్షల ఫలితాలు వచ్చాక డాక్టరమ్మ ఆకుపచ్చ డబ్బా చూశారు. "ఇందులో ఉన్నది చాలామటుకు బీ ట్వెల్వ్ లాంటిదే గానీ బీ ట్వెల్వ్ కాదు. తాళంచెవిలాగే ఉంటుంది, తాళం తియ్యదు. పైగా పాలూ మానేశారు. కండలు బాగానే ఉన్నాయమ్మా, అది చాలక నరాలు దెబ్బతిన్నాయి."

"మాంసం తినాలా?" అంది ఆవిడ.

"ఎవరన్నారు? ఇంజెక్షన్లు చేస్తాం, తర్వాత మాత్ర మానకుండా వేసుకోండి. ఆ మందును జంతువుల్లోంచి తియ్యరు. మీ తిండి మీరు తినండి."

"మరి కాళ్ళు?"

"చాలామందికి స్పర్శ తిరిగొస్తుంది. కొందరికి కొంతే. ఆలస్యమైంది కదా, చూద్దాం."

ఆ 'చూద్దాం' మా ఇంట్లో కాపురం పెట్టింది.

నుదుటి కట్టుతోనే ఆవిడ మేడెక్కి, కుర్చీలో కూర్చుని క్లాసుకు చెప్పింది. "ఆ బిళ్ళల సంగతి మీకు తప్పు చెప్పాను. అందరూ రక్తపరీక్ష చేయించుకోండి. కళ్ళు మూసుకుని నిలబడలేనిదాన్ని మిమ్మల్ని మూసుకోమని ఎలా అనగలను? బాగయ్యేదాకా క్లాసు లేదు."

లెక్కల మాస్టారు తన పాదాలు చూసుకుంటూ, "నాకూ అరికాళ్ళు మొద్దుబారుతున్నాయమ్మా. ముసలితనం అనుకున్నాను," అన్నారు. ఆ రాత్రి ఆవిడ అన్నం ముట్టలేదు.

డాక్టరమ్మ పరీక్ష నేనూ నేర్చుకున్నాను. రోజూ పొద్దున్నే ఆవిడ కళ్ళు మూసుకుంటుంది, నేను వేలు వంచి అడుగుతాను. సగం ఒప్పులు వచ్చేవి. ఆవిడ సంబరపడిపోయేది. రెండే జవాబులున్నచోట గుడ్డిగా చెప్పినా సగం ఒప్పే కదా, అని నాకు పీకులాట. ఉండబట్టలేక ఒకరోజు వేలు ముట్టుకోకుండా, చెయ్యి గాల్లో పెట్టి అడిగాను.

"పైకా, కిందికా?"

"పైకి," అంది ధీమాగా.

నా చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. "ఒప్పు," అన్నాను. ఆవిడ కళ్ళు తెరిచి నవ్వింది. కొట్టుకెళ్ళి, డబ్బాల వెనక నిలబడి కళ్ళు తుడుచుకున్నాను.

ఆ తర్వాత నిజంగా పట్టుకుని అడగడానికి కూడా భయమే. అయినా అడిగేవాణ్ణి. ఒప్పుల లెక్క మానేశాను. ఎండలు పోయి వానలు పట్టాయి. మేడ మీద చాపలు చుట్టచుట్టినవి చుట్టచుట్టినట్టే ఉన్నాయి. ఇక ఇంతేనేమో అనుకుంటూ ఒకనాడు వానలో కూరలు తెచ్చి, తడిచేతులతోనే ఆవిడ పాదాల దగ్గర కూర్చున్నాను. ఎందుకో మళ్ళీ బుద్ధి పుట్టింది. వేలు ముట్టుకోలేదు.

"పైకా, కిందికా?"

ఆవిడ మాట్లాడలేదు. కళ్ళు గట్టిగా మూసుకునే ఉంది. నుదుటి మీద మచ్చ ముడుచుకుంది. ఈసారి అబద్ధం చెప్పే ఓపిక నాకు లేదు.

"చెప్పు," అన్నాను.

"ఏం చెప్పను? ముందు వేలు పట్టుకోండి."

ఆవిడ రెండు పాదాలూ ఒళ్ళోకి లాక్కుని గట్టిగా పట్టుకున్నాను.

"అబ్బ, చేతులు తియ్యండి," అంది ఆవిడ. "మంచుగడ్డల్లా ఉన్నాయి."