మా ఆవిడ చంపిన కుర్రాడు

మా ఆవిడ రాసిన నవలలో నేను చివర్లో పోతాను. ఎక్కడికీ అని అడక్కండి. పోతానంతే. తుఫాను రోజున, సముద్రం పక్క మలుపులో స్కూటరు జారి, పదిహేడేళ్లకే. ఇప్పుడు దాన్ని సినిమా తీస్తున్నారు. అంటే నా ప్రాణం ఇంకోసారి తీస్తున్నారన్నమాట.

అసలు జరిగింది వేరు. మా ఊరు కీలుంగ్ రేవులో మా బాబాయి చేపలు వేసే స్కూటరు ఎత్తుకొచ్చి, బడి ఎగ్గొట్టి, శూహ్వీని, అంటే ఇప్పటి మా ఆవిడని, వెనక ఎక్కించుకుని తూర్పు తీరం పట్టి పోయాను. హెల్మెట్టు లేదు, లైసెన్సు లేదు, బుర్ర అసలే లేదు. వాన సూదుల్లా గుచ్చుతుంటే "ఇంకా జోరుగా!" అని నా వీపు మీద గుద్దింది. బండిని నేను నడిపాను, నన్ను ఆవిడ నడిపింది. దారిలో టీలో ఉడికించిన గుడ్డు ఒక్కటే కొని చెరిసగం చేసుకున్నాం. సొన మొత్తం తన సగంలోకే వెళ్లింది. సూఆవ్ అనే ఊరు చేరేసరికి పెట్రోలు అయిపోయింది, వెనకే ధైర్యమూ అయిపోయింది. వాళ్ల నాన్న వచ్చి నాకిచ్చిన చెంపదెబ్బ వాన చప్పుడుని మించి వినబడింది. చాలా ఏళ్లకి ఆయనే మా పెళ్లిలో నాకు మందు పోశాడనుకోండి.

ఆ రోజు తన తడి జుట్టంతా చేపల వాసన. ఇప్పటికీ మా కొట్లో పొద్దున్నే చేపల బుట్ట విప్పితే నాకు పదిహేడేళ్లు వచ్చేస్తాయి. సాయంత్రం దాకా చేప ఉండల పులుసు అమ్మాక మళ్లీ పోతాయి.

"నన్నెందుకు చంపావే?" అని అడిగితే ఆవిడది ఒకటే జవాబు.

"నువ్వు బతికుంటే ఎవరేడుస్తారు?"

"నేను బతికుంటే నువ్వు రోజూ ఏడుస్తూనే ఉన్నావుగా!"

"నా ఏడుపు ఎవడు కొంటాడు ముసలోడా?"

గట్టిగా నవ్వేవాణ్ని. ముల్లు మాత్రం లోపలే ఉండిపోయింది. ఆ కుర్రాడి తర్వాత ముప్పయ్యేళ్లు పొట్టతో, గురకతో, పులుసు గిన్నెలతో ఒక మనిషి ఉన్నాడు కదా, వాడు రాతకి పనికిరాలేదా? కథ అక్కడే ఆగిపోయుంటే బాగుండుననిపించిందా ఆవిడకి?

షూటింగు రేవు దగ్గర ఓ పాత ఇంట్లో. వాన అరువు తెచ్చుకోనక్కర్లేదు, కీలుంగ్‌లో అది ఊరి మనిషే. పోయిన కుర్రాడి ఫొటో పెట్టి అగరొత్తులు వెలిగించే సీను. హీరో నానమ్మ అడ్డంగా కూర్చుంది.

"నా మనవడి బొమ్మ ముందు పొగా? కావాలంటే నాది పెట్టుకోండి, నాకెలాగూ వయసైంది!"

చచ్చినట్టు నటించినవాడికి దోషం పోవాలని ఇచ్చే డబ్బుల ఎర్ర కవరుని కూడా విసిరికొట్టింది. చివరికి మా ఆవిడ ఇంటికెళ్లి నా బడి ఫొటో పెద్దది చేయించి తెచ్చింది.

"ఇదిగో, ఈయన్ని పెట్టండి. దోషాలే ఈయన్ని చూసి పారిపోతాయి."

కవరు నా చేతికొచ్చింది. "బతికుండగానే పింఛను!" అని అరిచాను. అందరూ నవ్వారు.

కెమెరా తిరిగింది. హీరోయిన్ పిల్ల తడిసిన బడి చొక్కాతో లోపలికొచ్చింది. అగరొత్తులు నుదుటి దాకా ఎత్తి, ఫొటోని అడిగింది.

"అక్కడ కూడా వానేనా?"

పొగలో వాడు నవ్వుతున్నాడు. పొట్టి క్రాపు, దొప్ప చెవులు, రేపంటే లెక్కలేని మొహం. వాణ్ని చూసి ఎన్నాళ్లైందో!

పక్కకి చూస్తే మా ఆవిడ లేదు. టపటపా చెప్పులతో కెమెరా ముందుకెళ్లి, ఫొటో లాక్కుని, గుండెకి అదుముకుని నిలబడింది. చేతి మీద బూడిద రాలుతున్నా పట్టించుకోలేదు.

"కట్! మేడమ్, ఏంటిది? షాట్ మధ్యలో!" డైరెక్టరు జుట్టు పీక్కున్నాడు.

"ముగింపు మార్చు."

"మీరు రాసిందేగా!"

"రాసేటప్పుడు వీడు పక్కనే పడుకుని గురకపెట్టేవాడు. ఎన్నిసార్లు చంపినా ఉన్నాడులే అని ధైర్యం. ఇక్కడ పొగ తప్ప ఏముంది?" ఫొటో మీది బూడిద అరచేత్తో తుడిచింది. "నా వల్ల కాదు."

"మరి జనం ఏడవద్దా?"

"కావాలంటే ఒక కాలు తీసెయ్. మనిషిని మాత్రం ఇంటికి తీసుకురా."

"ఏ కాలే?" అన్నాను. ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానమొచ్చింది.

ఆవిడ ముక్కు తుడుచుకుని, నా రెండు కాళ్లూ చూసి, నిజంగానే ఆలోచించింది.

"ఎడమది. కుడికాలు స్కూటరు తన్నడానికి కావాలి."